వయసు పదకొండు నెలలు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లం అయిదుగురం: అత్తయ్య, మామయ్య, బావ, నాయనమ్మ, నేను. నాయనమ్మ మాత్రం ఆరుగురం అంటుంది. ఆరోది ఫ్రిజ్జు. ఇరవై ఆరేళ్లుగా అది ఆవిడ మంచం పక్క గోడకి ఆనుకుని గుర్రుమంటూ ఉంది. ఆ ఉదయం దాన్ని పట్టుకుపోవడానికి షోరూం వాళ్ల బండి వచ్చింది.

"ఆఫర్ ఇవాళ్టితో ఆఖరు. పాతది ఇస్తేనే కొత్తదాని మీద తగ్గిస్తారు," అన్నాడు బావ.

బావ ఆ షోరూంలో సేల్స్‌మన్. టీవీలు, ఫ్రిజ్జులు, వాషింగ్ మెషిన్లు అమ్ముతాడు. మామయ్య వాటినే బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే ఆయన షాపు. ఒకే ఇంట్లో ఒకరు అమ్మేవాళ్లు, ఒకరు బాగుచేసేవాళ్లు ఉంటే కలిసొస్తుందని ఎవరైనా అనుకుంటారు. తండ్రీకొడుకుల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

"బతికున్నదాన్ని పట్టుకుపోతార్రా?" అన్నాడు మామయ్య.

"బతికి లేదు నాన్నా, చావలేక ఉంది. నువ్వు చావనివ్వట్లేదు."

"ఇరవై ఆరేళ్లలో నాలుగుసార్లు విప్పాను. నాలుగే. వెనక రేకు లోపల పెన్సిల్‌తో రాసుంటుంది, చూసుకో."

అది మామయ్య అలవాటు. ఏ వస్తువు విప్పినా మళ్లీ మూసేముందు మూత లోపలివైపు పెన్సిల్‌తో తేదీ రాస్తాడు. తర్వాత విప్పేవాడికి ఇది ఎప్పుడు జబ్బుపడిందో తెలియాలంటాడు. ఆ సంగతి బజారంతటికీ తెలుసు.

"నాలుగుసార్లా! నేను అమ్మేవి ఒక్కసారి కూడా విప్పక్కర్లేదు."

"విప్పడానికి రాకుండా చేస్తారు కాబట్టి."

"ఏవండీ, వాడు కష్టపడి తెస్తుంటే పుల్లలు పెట్టకండి," అంది అత్తయ్య. ఆవిడ చెయ్యి అప్పటికే పాత ఫ్రిజ్జులోని సామాన్లు బయటపెడుతోంది. నాయనమ్మ మంచం మీంచి లేవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. బండి కదిలాక, "దాని చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదు. ఇక మీరెవరూ కూడా పడుకోరు, చూస్తుండండి," అంది. శాపం పెట్టినట్టే అంది.

నేను ఆ ఇంటికి వచ్చి అప్పటికి నాలుగు రోజులు. పదో తరగతి మా ఊరి బడిలో అయిపోయింది. పై చదువుకి టౌనుకి రావాలి. అత్తయ్య ఇంట్లో రెండేళ్లు ఉండి చదువుకోనివ్వమని నాన్న అడిగితే, "వేసవంతా ఉండనీరా తమ్ముడూ, ఇమిడితే చూద్దాం," అంది అత్తయ్య. ఇమడకపోతే తిరుగు బస్సు. మా ఊళ్లో పదితో ఆగిపోయిన ఆడపిల్లలు తర్వాత ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. వాళ్లలో ఇద్దరు నా బెంచీలోనే కూర్చునేవాళ్లు. అందుకని ఆ వేసవంతా నోరు తెరవకూడదని నిర్ణయించుకున్నాను. అది నాకు పెద్ద కష్టం కాదు. నోట్లో నాలుక లేని పిల్ల అని చిన్నప్పటినుంచీ అందరూ అంటున్నదే.

మాట్లాడాల్సింది డైరీలో రాసుకునేదాన్ని.

మామయ్య కళ్లు మసకబారుతున్నాయి. పెన్సిలు గీత కనిపించక తిట్టుకుంటూ ఉంటే ఒకరోజు నేనే చెయ్యి చాపాను. ఆయన పెన్సిలు ఇచ్చాడు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. అప్పటినుంచి మూతల్లో తేదీలు రాసే పని నాదైంది. తేదీతో ఆగకుండా, వెనక చీటీ మీద తయారైన నెల చూసి కింద ఇంకో ముక్క రాసేదాన్ని: వయసు ఇంత అని. మామయ్య దాన్ని వెలుతురుకి పెట్టి చదివి, "బాగుంది, ఇది బాగుంది," అన్నాడు. ఆ ఇంట్లో నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే కాబట్టి అది ఏ తారీఖున అన్నాడో కూడా నా దగ్గరుంది.

ఇంట్లో అందరూ పడుకున్నాక అవే డైరీలో ఎక్కించుకునేదాన్ని. ఇస్త్రీ పెట్టె, ఏడు నెలలు. మిక్సీ, రెండేళ్ల మూడు నెలలు. గోడంత టీవీ, మూడేళ్లు; తెర సగం నల్లబడింది, తెర ఖరీదుకి కొత్త టీవీ వస్తుందట. పెట్టెలాంటి పాత టీవీ, పద్దెనిమిదేళ్లు. అది కూడా దానంతటది పోలేదు, ఎలుక వైరు కొరికింది.

ఒక ఆదివారం ఆ డైరీ బావ చేతికి చిక్కింది.

భోజనాల దగ్గర నిలబడి చదివాడు. "గోడంత టీవీ, మూడేళ్లు! అమ్మా, మనింట్లో గుమస్తా వెలిసింది. చచ్చినవాటికి లెక్క రాస్తోంది. ఏమే గుమస్తా, అమ్మమ్మ వయసు డెబ్బై తొమ్మిది. ఇంకా వారంటీలో ఉందా?"

అత్తయ్య నవ్వింది. నాయనమ్మ కూడా నవ్వింది, సరిగ్గా వినబడక. నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. బావ పేజీ తిప్పాడు. అక్కడ వాడి నవ్వు ఆగింది, ఎందుకో నాకు తెలుసు. పైకి చదవకుండా ఉండలేకపోయాడు.

"'బావ అబద్ధం చెప్పేటప్పుడు చొక్కా కాలరు సర్దుకుంటాడు.'"

మామయ్యకి పొలమారింది. దగ్గో నవ్వో తెలియలేదు. బావ డైరీని నా కంచం పక్కన పడేసి వంగి చెవిలో అన్నాడు. "ఇంకోసారి నా గురించి రాస్తే నిన్నూ దీన్నీ కలిపి బస్సెక్కిస్తా. నంగనాచిలా కూర్చుని ఇంటి గుట్టు రాస్తావా?"

ఆ రోజు డైరీలో నేను రాసింది ఒక్కటే వాక్యం. అది ఇక్కడ రాయను.

కొత్త ఫ్రిజ్జు ఇరవై మూడో రోజున ఆగిపోయింది.

పొద్దున అత్తయ్య తలుపు తెరిచేసరికి లోపల దీపం వెలుగుతోంది, చల్లదనం లేదు. పాలు విరిగాయి. నాయనమ్మ మంచం మీంచే, "పోయిందా?" అంది, ఎదురుచూస్తున్న ఉత్తరం వచ్చినట్టు. మామయ్య స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చాడు. మొహంలో సంతోషం దాచుకోవాలని కూడా ఆయనకి తోచలేదు.

"ముట్టుకోకు!" బావ సబ్బు నురగ మొహంతోనే పరుగెత్తుకొచ్చాడు. "సీలు చూశావా, ఆ వెండి స్టిక్కరు? అది చిరిగితే వారంటీ పోతుంది. కంపెనీ మనిషి తప్ప ఎవడూ విప్పకూడదు."

"ఇరవై మూడు రోజులకే పోయినదాని మీద మళ్లీ సీలొకటా? చెయ్యడానికి లేని సిగ్గు విప్పనివ్వడానికా?"

"నీకు రాదు నాన్నా ఇది. ఒప్పుకో. నీ కాలం వస్తువులు వేరు."

మూడు రోజుల తర్వాత కంపెనీ మనిషి వచ్చాడు. భుజానికి సంచి తప్ప చేతిలో మీటరు కూడా లేదు. వెనక రేకు విప్పి ఒక బోర్డు లాగేసి ఇంకో బోర్డు పెట్టాడు. పది నిమిషాలు. ఫ్రిజ్జు నడిచింది. మామయ్య అంతసేపూ పక్కనే నిలబడి, చివరికి అడిగాడు.

"ఆ పోయిన బోర్డు ఒకసారి చూడొచ్చా బాబూ?"

చూశాడు. దాని మీద ఎవరో నల్లటి తారు పోసి గడ్డకట్టించినట్టుంది. లోపల ఏముందో గోరంత కూడా కనిపించదు.

"ఏం పోయింది ఇందులో?"

"ఏమో సార్. మాకు మార్చడమే నేర్పుతారు. ఏం పోయిందో నేర్పరు."

మామయ్య ఆ బోర్డుని తిరిగి ఇచ్చేశాడు. ఆ సాయంత్రం షాపు తియ్యలేదు. బావ మొహమూ బాగాలేదు. ఫ్రిజ్జు కొన్నది వాడి పేరు మీదే, అమ్మిందీ వాడే. కంపెనీకి వెళ్లిన ఫిర్యాదు వాడి పేరు కిందే పడింది. వాడు అమ్మినవాటిలో ఆ సీజనుకి అది రెండోది. మూడో ఫిర్యాదు వస్తే ఇంటికి పంపేస్తానని షోరూం ఓనరు అందరి ముందూ చెప్పాడట. ఆ సంగతి అత్తయ్య వంటింట్లో గిన్నెలతో చెప్పుకుంటుంటే విన్నాను.

మూడోది లాండ్రీ అక్కది.

లాండ్రీ అక్క మా వీధి చివర ఉంటుంది. ఆడపిల్లల హాస్టల్ దుప్పట్లు, దిండు గలీబులు ఉతికే పని ఆవిడది. ఒక్కతే మనిషి. కిందటి జూన్‌లో బావ మాట నమ్మి పెద్ద వాషింగ్ మెషిన్ కొంది. "పదేళ్లు కళ్లు మూసుకుని వాడుకో అక్కా," అన్నాడట బావ. మే మొదటివారంలో అది తిరగడం మానేసింది. హాస్టల్‌కి సెలవులు కాబట్టి సరిపోయింది. జూన్‌లో మళ్లీ పిల్లలొచ్చేసరికి మెషిన్ తిరగాలి, లేకపోతే వార్డెన్ ఇంకెవరికో ఇచ్చేస్తుంది. అక్క నేరుగా బావ దగ్గరికే వచ్చింది. కంపెనీ నంబరుకి ఫోన్ చెయ్యొచ్చని ఆవిడకి తెలియదు. బావ చెప్పలేదు.

"కంపెనీ వర్క్‌షాపుకి నేనే పంపిస్తా అక్కా, నువ్వేం కంగారుపడకు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం మెషిన్‌ని బండి మీద తెచ్చి మా వెనకగదిలో దించారు. నేను పడుకునే గది అదే.

"నాన్నా," అన్నాడు బావ. వాడు అంత మెత్తగా పిలవడం నేను అంతకుముందు వినలేదు. "నీవల్ల అవుతుందా?"

మామయ్య మెషిన్ వెనక్కి వంగి చూశాడు. "సీలుంది కదరా. కంపెనీ మనిషి తప్ప ఎవడూ విప్పకూడదుగా?"

"ఎత్తిపొడవడానికి ఇదా టైము?"

"నా కాలం వస్తువులు వేరుగా?"

"ఏవండీ!" అంది అత్తయ్య. "వాడి ఉద్యోగం పోతే ఇల్లు మీ పెన్సిలుతో గడుస్తుందా?"

మామయ్య సీలు చింపాడు.

అందులో కూడా అదే నల్ల తారు. రెండు రోజులు ఆయన ఆ తారుని వేడిచేసి, పిన్నుతో గీకి, ఊది, మళ్లీ గీకాడు. నేను లైటు పట్టుకున్నాను. గది నిండా కాలిన వాసన. అన్నానికి పిలిస్తే రాలేదు. మూడో రోజు పొద్దున తారు కింద చిన్న ముక్క ఒకటి బయటపడింది, తల ఉబ్బి ఉంది. "దొరికాడు దొంగ!" అన్నాడు మామయ్య. గోరంత ముక్క. తన డబ్బాలోంచి అలాంటిదే ఒకటి తీసి అతికాడు. మెషిన్ తిరిగింది. ఆయన దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, పశువు వీపు మీద వేసినట్టు. ఆ వేసవిలో ఆయన మొహం అంతగా వెలగడం అదొక్కసారే చూశాను.

సరిగ్గా అప్పుడే వీధిలోంచి లాండ్రీ అక్క గొంతు వినిపించింది.

మామయ్య టక్కున మెషిన్ ఆపేశాడు. బావ పరుగున ముందుగదిలోకి వెళ్లాడు. అత్తయ్య నా భుజం పట్టుకుని వెనకగది గుమ్మంలో కూర్చోబెట్టి, కర్టెన్ లాగేసింది. "ఇక్కడే కూర్చో. లోపలికి ఎవర్నీ రానివ్వకు." కర్టెన్ నా వీపుకి తగులుతోంది. దాని వెనక మెషిన్.

"ఏం బాబూ, నా మెషిన్ ఏమైంది? రెండు రోజులన్నావు."

"వర్క్‌షాపులో ఉందక్కా. పెద్ద వర్క్‌షాపు. ఇంజనీర్లు చూస్తున్నారు," అన్నాడు బావ, కాలరు సర్దుకుంటూ.

"అది కంపెనీదేగా? దారిన పోయేవాడెవడితోనూ విప్పించకు నాయనా. కార్డు మీద రాసుందట, మా పక్కింటి అబ్బాయి చదివి చెప్పాడు."

"ఛ ఛ, అలా ఎందుకు చేస్తానక్కా."

ఆవిడ నావైపు చూసింది. ఆవిడ చేతులు మోచేతుల దాకా తెల్లగా నాని ఉంటాయి ఎప్పుడూ. నన్ను చూస్తే ఆగి పలకరించే మనిషి ఆ వీధిలో ఆవిడే. కిందటి వారమే, "మా ముందుగది ఖాళీగా ఉందమ్మాయ్. కాలేజీ పిల్లలెవరైనా ఉంటే చెప్పు, తోడుగా ఉంటారు," అంది.

"నువ్వు చెప్పమ్మాయ్," అంది ఇప్పుడు. "నువ్వు అబద్ధాలాడే పిల్లవి కాదు. మీ బావ చెప్పేది నిజమేనా?"

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. నేను నోరు తెరవలేదు. తల ఊపాను.

"అయితే సరే," అని వెళ్లిపోయింది లాండ్రీ అక్క. నిజంగా ఆవిడ మొహం తేటపడింది.

మామయ్య వెనక రేకు తీసుకున్నాడు, బిగించడానికి. అలవాటుకొద్దీ నేను పెన్సిలు తీశాను. ఆయన వీధివైపు చూసి, గొంతు తగ్గించి, "ఇందులో వద్దు," అన్నాడు. రేకు నా చేతికిచ్చి, స్క్రూలు వెతకడానికి ముందుగదిలోకి వెళ్లాడు.

రేకు నా ఒళ్లో ఉంది.

ఎందుకు రాశానని తర్వాత చాలామంది అడిగారు. బావ మీద కోపమనీ, పొగరనీ, పిచ్చి అనీ వాళ్లే జవాబులు చెప్పుకున్నారు. నేను ఊపిన తల ఇంకా ఊగుతున్నట్టే ఉంది నాకు అప్పుడు. రాస్తే ఆగుతుందనుకున్నానేమో. తేదీ వేసి, కింద గుండ్రంగా రాశాను: వయసు పదకొండు నెలలు. మామయ్య స్క్రూలతో వచ్చి, మసక కళ్లతో రేకు బిగించేశాడు.

మెషిన్ అయిదు వారాలు నడిచింది.

జూన్ రెండోవారంలో, హాస్టల్ తెరిచిన మూడో రోజున ఆగింది. ఈసారి లాండ్రీ అక్క బావ దగ్గరికి రాలేదు. పక్కింటి అబ్బాయి చేత కంపెనీకే ఫోన్ చేయించింది. వచ్చిన మనిషి మెషిన్ చుట్టూ తిరిగి, "మోటారు పోయింది. ఇది వారంటీలో ఉచితంగా వచ్చేదే. రెండేళ్లు ఉంది మీకు. కానీ సీలు ఎవరో చింపారు. ఇక మాకు సంబంధం లేదు," అని కాగితం మీద రాసిచ్చి పోయాడు. మామయ్య బాగుచేసిన చోట ఏ లోపమూ లేదు. పోయింది వేరే ముక్క. సీలు చిరగకపోతే కొత్త మోటారు వచ్చేది.

మర్నాడు పదింటికి వీధిలో బండి ఆగింది. బండి మీద మెషిన్, పక్కన లాండ్రీ అక్క, వెనకే స్కూటరు మీద షోరూం ఓనరు. అక్క అంతకుముందే షోరూంలో గంటసేపు అరిచి వచ్చిందట. కొనడానికి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోయారట. ఓనరు మొహం కందగడ్డలా ఉంది.

"మేస్త్రీ, మీ అబ్బాయి మెషిన్‌ని కంపెనీ వర్క్‌షాపుకి పంపానంటాడు. ఈవిడ చూస్తే వాడే ఎవరిచేతో విప్పించాడంటుంది. వర్క్‌షాపులో అడిగితే మా దగ్గరికి రాలేదంటున్నారు. నాకు తల తిరిగిపోతోంది."

"ఆవిడే ఎక్కడో విప్పించుకునుంటుంది సార్," అన్నాడు బావ. కాలరు. "చీప్‌గా అవుతుందని. ఇప్పుడు నా మీద తోస్తోంది."

"నీ నోట్లో పురుగులు పడ!" అంది లాండ్రీ అక్క. "స్క్రూ ఎటు తిప్పాలో తెలియదు నాకు! హాస్టల్ వార్డెన్ సాయంత్రం దాకా టైమిచ్చింది. నాలుగొందల దుప్పట్లు, ఈ రెండు చేతులు! నేనెందుకు విప్పించుకుంటానురా?"

"అక్కా, మాట మర్యాద!" అంది అత్తయ్య.

"మర్యాద మీ ఇంట్లో దొరికితే నాకూ కాస్త పెట్టండి."

ఓనరు చెయ్యెత్తి ఆపాడు. "మేస్త్రీ, మీరు విప్పి చూడండి. అతుకు చూసి ఎవరి చేతి పనో చెప్పగలరని బజారంతా అంటుంది కదా. మీరేం చెబితే అది వింటాను."

మామయ్య బావని చూశాడు. బావ నేలని చూశాడు. మామయ్య స్క్రూడ్రైవర్ తీసుకుని బండి పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేను గడప మీద ఉన్నాను. నాలుగు స్క్రూలు. ఆయన ఒక్కోటీ తీసి చొక్కా జేబులో వేసుకుంటుంటే ఆ చప్పుడు నాకు వినబడుతోంది. రేకు ఊడింది. ఎండ నేరుగా లోపలివైపు పడింది.

చదివింది ఓనరు. "మే ఎనిమిది. వయసు పదకొండు నెలలు."

బండివాడు వంగి చూసి, "వయసేంటి సార్?" అన్నాడు.

"పెన్సిలు రాత," అన్నాడు ఓనరు. "మేస్త్రీ, ఇది మీ అలవాటు కాదా?"

మామయ్య రేకుని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. అప్పుడే ఆయనకి తెలిసింది. నావైపు తిరగలేదు. "నా చేతిరాత కాదండీ," అన్నాడు. "నా రాత ఇలా ఉండదు. ఎవర్నైనా అడగండి."

అది నిజమే. ఆ వాకిట్లో ఆ రోజు ఆయన ఒక్కడే నిజం చెప్పి అబద్ధమాడాడు.

"చూశారా సార్, ఇంకెవరో చేశారు," అన్నాడు బావ, ఊపిరి తీసుకుని. "ఆవిడే..."

"నాది," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందరూ గడపవైపు తిరిగారు.

"ఏంటమ్మా?" అన్నాడు ఓనరు.

"ఆ రాత నాది."

"నిన్నెవరు రాయమన్నారు?"

"ఎవరూ రాయమనలేదు," అన్నాను. "వద్దన్నారు."

మామయ్య రేకుని మెల్లగా నేల మీద పెట్టాడు. అది ఇంకేమీ అడగక్కర్లేని మాట. ఓనరు స్కూటరు స్టార్ట్ చేస్తూ బావతో, "రేపట్నుంచి రావక్కర్లేదు," అన్నాడు. లాండ్రీ అక్క అడ్డం వెళ్లింది. "మరి నా మోటారు?" "సీలు పోయింది కదమ్మా. కంపెనీ ఇవ్వదు, నేనెక్కడినుంచి తెస్తాను? మీ గొడవ వీళ్లతో పడండి," అని వెళ్లిపోయాడు. నిజం బయటపడితే ఏదో జరుగుతుందని నేననుకున్నాను. జరిగింది అదే.

మామయ్య మోటారు చూస్తానన్నాడు. లాండ్రీ అక్క ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుని కాలవలోకి విసిరేసి, "ఇంకోసారి నా వస్తువు మీద చెయ్యి వేస్తే ఊరుకోను," అంది. బండిని వెనక్కి తిప్పించుకుని వెళ్లిపోయింది.

ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించలేదు. బావ నా డైరీని పేజీలు పేజీలుగా చింపాడు. వాడు అరవలేదు, శ్రద్ధగా చింపాడు. అత్తయ్య అరిచింది. "తిండి పెట్టి పడక వేస్తే, ఇంటికే నిప్పు పెడతావా? అడిగిందానికి కాదని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?" నాయనమ్మ కూడా లేచి కూర్చుంది. "నోరు లేని పిల్లవి అనుకున్నానే. ఇన్నాళ్లూ మూసుకున్నదానివి ఇంకో గంట మూసుకోలేకపోయావా?" అంది. మామయ్య ముందుగదిలో తలుపు వేసుకున్నాడు.

పొద్దున అత్తయ్య నా సంచి సర్ది గుమ్మంలో పెట్టింది. "పదకొండింటికి బస్సు. మీ నాన్నకి ఫోన్ చేశాను. ఇమడలేదని చెప్పాను," అంది. చిరిగిన డైరీ అట్ట పైన పెట్టి ఉంది. వెళ్తున్నానని చెప్పడానికి ముందుగది తలుపు కొట్టాను. లోపల మీటరు కూత వినిపించింది, మామయ్య గొంతు వినిపించలేదు.

బస్టాండుకి కుడివైపు వెళ్లాలి. నేను ఎడమవైపు వెళ్లాను.

లాండ్రీ అక్క ఇంటి ముందు తాడు నిండా దుప్పట్లు. రాత్రంతా చేత్తో ఉతికినట్టుంది. నీళ్లు సరిగ్గా పిండలేక ఇంకా కారుతున్నాయి. వాకిట్లో మెషిన్ వెనక్కి తిరిగి ఉంది, రేకు లేకుండా, లోపలి వైర్లన్నీ కనిపిస్తూ. ఆవిడ తలుపు తీసి నన్నూ నా సంచినీ చూసింది. చేతులు ఎర్రగా పగిలి ఉన్నాయి.

నోరు తెరవడం ఒకసారి వచ్చింది కదా, రెండోసారి సులువనుకున్నాను.

"అక్కా, మీ ముందుగది ఖాళీగా ఉందన్నారు. కాలేజీ రెండేళ్లు. నేను బట్టలు ఉతుకుతాను. పొద్దునా సాయంత్రం."

"హాస్టల్ పోయింది," అంది ఆవిడ. "ఇవి ఆఖరివి. వార్డెన్ ఇంకొకళ్లకి ఇచ్చేసింది."

"నిన్న నేను చెప్పాను కదక్కా," అన్నాను.

"చెప్పావు. నిన్న చెప్పావు." ఆవిడ గొంతు పెంచలేదు. "మే ఎనిమిదిన నేనే అడిగాను నిన్ను. నా మెషిన్ నీ వీపు వెనకే ఉంది. ఆ రోజు చెప్పి ఉంటే, అక్కడికక్కడే వాళ్ల జుట్టు పట్టుకునేదాన్ని. కంపెనీ వాణ్ని పిలిచి, ఇదిగో మీ షోరూం వాడే సీలు చింపించాడని చూపించేదాన్ని. హాస్టల్ తెరవడానికి నెల టైముండేది. అయిదు వారాలు నువ్వు ఈ వీధిలోనే తిరిగావు. రోజూ నన్ను చూశావు."

"అక్కా, లోపల రాశాను..."

"రేకు లోపల రాశావు. నేను చూడలేని చోట."

ఆవిడ నా సంచి పైన ఉన్న డైరీ అట్టని చూసింది, తర్వాత నా మొహాన్ని.

"ఆ రోజు తల ఊపావు," అంది. తలుపు వేసేసింది.